సభ ఎవరికి వినపడాలి?

మా తాతయ్య పోయిన ఏడాదికి ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. పాసుపుస్తకాలు, శిస్తు రసీదులు, ఎవరివో పెళ్ళి శుభలేఖలు, వాటన్నిటి అడుగున ఒక పోస్టుకార్డు. పోస్టాఫీసు ముద్రలో 1964 అన్న సంవత్సరం తప్ప మిగతా తేదీ అలుక్కుపోయింది. రాసింది అప్పటి మా ఎమ్మెల్యేగారు. మూడే ముక్కలు: మీ ఊరి వాగు మీద చప్టా గురించి సభలో ప్రశ్న వేశాను, విషయం పరిశీలనలో ఉందని మంత్రిగారు చెప్పారు, ధైర్యంగా ఉండండి.

ఆ చప్టా కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. వానాకాలం వాగు పొంగిందంటే పిల్లలకి బడి లేదు, పురిటి నొప్పులొచ్చిన మనిషికి ఆస్పత్రి లేదు. తాతయ్య పడుచువాడిగా ఉన్నప్పుడు ఊరందరి చేతా సంతకాలు పెట్టించి అర్జీ పట్టుకెళ్ళి ఇచ్చాడు. చప్టా మాత్రం 1980ల్లో గాని పడలేదు. ఈలోపు ఎవరైనా నలుగుర్ని పోగేసి తాలూకా ఆఫీసుకి వెళ్దామంటే, "పరిశీలనలో ఉందిరా, అసెంబ్లీలోనే చెప్పారు" అని తాతయ్యే వాళ్ళకి సర్దిచెప్పేవాడని నాన్న అంటారు. ఆ కార్డు మీద ఆయనకి అంత నమ్మకం.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. రోజంతా లాగ్ ఫైళ్ళలో వెతుక్కుని బతికేవాణ్ణి. సభలో అడిగిన ప్రశ్న అంటే ఎక్కడో అచ్చయి ఉంటుంది, ఊరి పేరు కొట్టి వెతికితే పది నిమిషాల్లో దొరుకుతుంది అనుకున్నాను. మూడు నెలల శని ఆదివారాలు పట్టింది. ఆ వెతుకులాటలో నేను చదివినవీ, తెలుసుకున్నవీ చెప్పడానికే ఈ వ్యాసం. ప్రశ్న దొరికిందా లేదా అన్నది చివర్లో చెప్తాను.

రాజుగారి భయం

చట్టసభలో ఏం జరిగిందో జనానికి తెలియాలి అన్నది ఇవాళ మనకి ఎంత మామూలుగా అనిపిస్తుందో, మూడొందల ఏళ్ళ క్రితం అంత విడ్డూరం. ఇంగ్లండు కామన్స్ సభ తన చర్చల్ని బయట అచ్చు వేయడం సభాహక్కుల ఉల్లంఘన అని 1738లో తీర్మానం చేసింది. మొదట్లో ఈ గోప్యతకి ఒక న్యాయమైన కారణమే ఉండేది. సభలో తనకి వ్యతిరేకంగా ఎవరు ఏమన్నారో రాజుకి తెలిస్తే ఆ సభ్యుడి గతి ఏమవుతుందో చెప్పలేం. కాబట్టి తలుపులు మూసుకుని మాట్లాడుకునేవారు. రాజు కోరలు ఊడిపోయాక కూడా తలుపు మాత్రం తెరవలేదు. రాజు నుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్న గడియ, ఓటు వేసినవాళ్ళ మొహం మీద వేసిన గడియగా మారింది.

పత్రికలవాళ్ళు ఊరుకుంటారా? దొడ్డిదారి వెతికారు. ‘జెంటిల్మన్స్ మ్యాగజీన్’ అనే పత్రిక, స్విఫ్ట్ నవలలోని లిల్లిపుట్ దేశపు సెనేట్ చర్చలు అని పేరు పెట్టి, పార్లమెంటు చర్చల్నే వేసేది. 1740ల మొదట్లో వాటిని రాసిపెట్టింది శామ్యూల్ జాన్సన్, తర్వాత నిఘంటువుతో ప్రసిద్ధుడైన ఆ జాన్సనే. సభలో కూర్చుని విన్నవి చాలా తక్కువ. ఎవరో చెప్పిన నాలుగు ముక్కల్ని పట్టుకుని ఉపన్యాసాలు కట్టేవాడు. అంటే సభ తన రికార్డుని దాచిపెడితే జనానికి దొరికింది కల్పన. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

1771లో వ్యవహారం వీధికెక్కింది. చర్చలు అచ్చేసిన ముద్రాపకుల్ని పట్టుకురమ్మని సభ తన మనుషుల్ని పంపింది. జాన్ మిల్లర్ అనే ముద్రాపకుణ్ణి పట్టుకోబోయిన సభ దూతని, లండన్ నగర న్యాయాధికారులు దౌర్జన్యం నేరం కింద ఎదురు పట్టుకున్నారు. ఆ న్యాయాధికారుల్లో లార్డ్ మేయర్ బ్రాస్ క్రాస్బీ, ఆలివర్, జాన్ విల్క్స్ ఉన్నారు. క్రాస్బీ, ఆలివర్‌లని టవర్ జైలుకి పంపారు గానీ జనం వాళ్ళ పక్షాన వీధుల్లోకి వచ్చేసరికి సభకి విషయం అర్థమైంది. తీర్మానాన్ని రద్దు చేయలేదు, అమలు చేయడం మానేసింది. 1803లో విలియం కాబెట్ చర్చల్ని క్రమంగా ప్రచురించడం మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకి అప్పులపాలై దాన్ని తన ముద్రాపకుడికి అమ్ముకున్నాడు. ఆ ముద్రాపకుడి పేరు హాన్సార్డ్. ఇవాళ ఎన్నో దేశాల్లో సభా చర్చల రికార్డుని ఆ పేరుతోనే పిలుస్తారు.

1738 నాటి ఆ తీర్మానాన్ని ఇక పట్టించుకోమని కామన్స్ సభ లాంఛనంగా ప్రకటించింది ఎప్పుడో తెలుసా? 1971లో. చచ్చిపోయిన పాముని పూడ్చకుండా వదిలేస్తే ఏమవుతుందో మన దేశంలోనే తెలిసొచ్చింది. అక్కడికి వస్తాను.

ప్రశ్న అడిగే హక్కు

మన దగ్గర కథ 1853 చార్టర్ చట్టంతో మొదలవుతుంది. కలకత్తాలో చట్టాలు చేసే కౌన్సిల్ 1854 నుంచి బహిరంగంగా చర్చించడం, ఆ చర్చల్ని అచ్చు వేయడం మొదలుపెట్టింది. అందరూ తెల్లదొరలే. అయినా నలుగురూ చూస్తున్నారనేసరికి వాళ్ళు కూడా ప్రభుత్వాన్ని నిలదీయడం మొదలుపెట్టారు. లండన్‌లోని పెద్దలకి ఇది నచ్చలేదు. 1861 చట్టంతో కౌన్సిళ్ళ పనిని శాసనాలు చేయడం వరకే కుదించారు. మద్రాసు కౌన్సిల్ ఈ చట్టంతోనే రూపం దిద్దుకుంది. అందులో సభ్యుడికి ప్రశ్న అడిగే హక్కు లేదు.

ఆ హక్కు 1892లో వచ్చింది. అదీ ఒక్క ప్రశ్నే, జవాబు మీద మళ్ళీ ప్రశ్న అడగకూడదు. అనుబంధ ప్రశ్న 1909లో వచ్చింది, అదీ మొదటి ప్రశ్న వేసిన సభ్యుడికే. ఇవాళ టీవీలో ప్రశ్నోత్తరాల సమయం రసాభాస అవుతుంటే విసుక్కుని ఛానల్ మారుస్తాం గానీ, అనుబంధ ప్రశ్న అనే ఆ చిన్న వెసులుబాటుకి పదిహేడేళ్ళు పట్టింది.

ఈ కథలో ఒక రాజమండ్రి మనిషి ఉన్నారు. న్యాపతి సుబ్బారావు పంతులుగారు. 1878లో మద్రాసులో ‘హిందూ’ పత్రికని మొదలుపెట్టిన ఆరుగురు కుర్రాళ్ళలో ఆయన ఒకరు. తర్వాత రాజమండ్రిలో ప్లీడరుగా స్థిరపడి మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్ సభ్యులయ్యారు. సభ బయట పత్రిక, సభ లోపల ప్రశ్న, రెండూ ఒకే పనికి రెండు చేతులని ఆ తరం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మరి ఏ భాషలో? 1935 చట్టం ప్రకారం రాష్ట్ర సభల కార్యక్రమాలు ఇంగ్లీషులో జరగాలి. ఇంగ్లీషు రానివాళ్ళూ, చాలినంత రానివాళ్ళూ వేరే భాషలో మాట్లాడొచ్చు. అంటే తెలుగులో మాట్లాడటం హక్కు కాదు, ఇంగ్లీషు రానందుకు ఇచ్చిన మినహాయింపు. రాజ్యాంగంలోని 210వ అధికరణం దీన్ని తిరగేసింది. రాష్ట్ర అధికార భాషకి పెద్దపీట వేసి, హిందీ, ఇంగ్లీషులని పక్కన కూర్చోబెట్టి, ఇవేవీ సరిగా రాని సభ్యుడు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడొచ్చంది. మన దగ్గర తెలుగుని అధికార భాష చేసిన చట్టం 1966లో వచ్చింది. అందుకే 1950లు, 60ల నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ సంపుటాలు తిరగేస్తే ఒక వింత సంతలో నడిచినట్టుంటుంది. ప్రశ్న ఇంగ్లీషులో, దాని మీద వాదులాట తెలుగులో, మధ్యలో హైదరాబాదు సభ్యుడి ఉర్దూ.

ఆ సంత జరిగిన భవనం గురించి కూడా ఒక మాట. కర్నూలులో ఆంధ్ర రాష్ట్రపు సభ మూడేళ్ళు నడిచాక, 1956లో హైదరాబాదుకి వచ్చి చేరింది పబ్లిక్ గార్డెన్స్‌లోని తెల్లటి భవనానికి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ప్రజల చందాలతో టౌన్ హాలుగా 1905లో శంకుస్థాపన చేసి, 1913కి పూర్తిచేసిన భవనం అది. పేరులో పబ్లిక్, డబ్బు పబ్లిక్‌ది. లోపలికి వెళ్ళాలంటే మాత్రం పాసు కావాలి, గ్యాలరీలో చప్పుడు చేయకుండా కూర్చోవాలి, నోట్సు రాసుకుంటే మార్షల్ వస్తాడు.

రాజమండ్రి నుంచి ఇంకో సుబ్బారావుగారు

1957 మే నెలలో బీహారు శాసనసభలో ఒక సభ్యుడు ముఖ్యమంత్రి మీద ఘాటైన ప్రసంగం చేశాడు. అందులో కొన్ని భాగాలని రికార్డుల నుంచి తొలగిస్తున్నట్టు స్పీకరు చెప్పారు. మర్నాడు పాట్నా నుంచి వచ్చే ‘సెర్చ్‌లైట్’ పత్రిక తొలగించిన మాటలతో సహా మొత్తం ప్రసంగం వేసేసింది. సభాహక్కుల నోటీసు వెళ్ళింది. సంపాదకుడు ఎం.ఎస్.ఎం. శర్మ సుప్రీంకోర్టుకి వెళ్ళాడు.

మన రాజ్యాంగం 194వ అధికరణంలో అప్పట్లో ఒక తమాషా ఉండేది. రాష్ట్ర సభల హక్కులేమిటో చట్టం చేసుకునేదాకా, రాజ్యాంగం వచ్చిన రోజున ఇంగ్లండు కామన్స్ సభకి ఏ హక్కులున్నాయో అవే మన సభలకీ ఉంటాయంది. మరి 1950 జనవరి 26న కామన్స్ సభకి, చర్చల్ని బయట వేయకూడదనే అధికారం ఉందా? కాగితం మీద ఉంది! 1738 నాటి తీర్మానం అప్పటికింకా రద్దు కాలేదు కదా. 1958 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఇదే చెప్పారు. ఉన్నది ఉన్నట్టు వేసినా సరే, ప్రచురణని ఆపే అధికారం సభకి ఉంది, భావప్రకటన స్వేచ్ఛ దానికి అడ్డురాదు అని. పూడ్చని పాము అలా పాట్నాలో కరిచింది.

ఐదో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఆయన కోకా సుబ్బారావుగారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర రాష్ట్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసి ఆ ఏడాదే సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆయన వాదన రెండు మెట్లు. ఒకటి, సభల హక్కులు ప్రాథమిక హక్కులకి లోబడే ఉండాలి, ఒక తాత్కాలిక ఏర్పాటుని పట్టుకుని పౌరుల హక్కుని తీసేయకూడదు. రెండు, కామన్స్ సభ నడిచే తీరు చూస్తే, 1950 నాటికి సదుద్దేశంతో చేసిన నిజమైన ప్రచురణని ఆపే హక్కు దానికి మిగల్లేదు. నేను న్యాయవాదిని కాను. కానీ ఏళ్ళ తరబడి ఎవరూ నడపని కోడ్ ఫైల్లో ఉన్నంత మాత్రాన అది బతికున్నట్టా అన్న ప్రశ్న మా వృత్తిలో రోజూ వచ్చేదే. సుబ్బారావుగారి జవాబు నాకు చప్పున అర్థమైంది. ఆయన తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు గానీ, ఈ కేసులో ఆయన మాట మైనారిటీగానే మిగిలిపోయింది.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఫిరోజ్ గాంధీ పట్టుబట్టి తెచ్చిన 1956 చట్టం, పార్లమెంటు చర్చల నిజమైన కథనాలు వేసే పత్రికలకి రక్షణ ఇచ్చింది. అది పార్లమెంటుకే, రాష్ట్ర సభలకి వర్తించదు. ఆ కాస్త చట్టాన్నీ ఎమర్జెన్సీలో రద్దు చేశారు, 1977లో మళ్ళీ తెచ్చారు. రాష్ట్ర సభల చర్చలకి కూడా రక్షణ దొరికింది 44వ రాజ్యాంగ సవరణ చేర్చిన 361-ఏ అధికరణంతో. ఆ సవరణ 1978 నాటిది. దురుద్దేశం లేకుండా, దాదాపుగా నిజమైన కథనం అయితే సివిలు, క్రిమినల్ కేసులు పెట్టకూడదని అందులో ఉంది. సభ తొలగించిన మాటల సంగతేమిటన్న దగ్గర మాత్రం ఇప్పటికీ పాట్నా నీడ పడుతూనే ఉంటుంది.

పెద్దల గలభా

ఆ నీడ హైదరాబాదు దాకా వచ్చింది. 1983లో శాసనమండలి సమావేశం గురించిన వార్తకి ‘ఈనాడు’ పెట్టిన శీర్షిక ‘పెద్దల గలభా’. మండలిని పెద్దల సభ అంటాం కదా, అందులో జరిగింది గలభా అన్నారు. ఇంగ్లీషులోకి అనువదిస్తే ఏమీ మిగలని ఆ రెండు మాటలు తెలుగులో చురుక్కుమన్నాయి. వ్యవహారం సభాహక్కుల కమిటీకి వెళ్ళింది. మరుసటి ఏడాది, సంపాదకుడు రామోజీరావుని సభకి తెచ్చి మందలించాలని మండలి నిర్ణయించింది. పట్టుకురమ్మని పోలీసు కమిషనరుకి ఉత్తర్వు, పట్టుకోవద్దని సుప్రీంకోర్టు స్టే. మండలి వెనక్కి తగ్గనంది. చివరికి సభా సమావేశాన్ని ముగించడంతో (ప్రొరోగ్ చేయడం అంటారు దీన్ని) అప్పటికి గండం గడిచింది. ఎవరి మాట పైనో తేలనేలేదు. 1985లో ఆ మండలే రద్దయి, మళ్ళీ 2007లో వచ్చింది.

1964లో ఉత్తరప్రదేశ్‌లో కేశవ్ సింగ్ అనే ఆయన వేసిన కరపత్రం మీద ఇంతకంటే పెద్ద గొడవే జరిగింది. ఆయనకి బెయిలిచ్చిన ఇద్దరు హైకోర్టు జడ్జీలనే పట్టుకురమ్మని అసెంబ్లీ ఆదేశించింది. అయినా మన కేసు ఎక్కువ గుర్తుండిపోతుంది. అక్కడ కరపత్రంలో ఆరోపణ ఉంది. ఇక్కడ ఉన్నది ఒక వర్ణన. సభ గురించి వార్త రాయొచ్చా అన్న ప్రశ్న దాటి, సభని చూసి మనకేమనిపించిందో చెప్పొచ్చా అన్న ప్రశ్న దాకా వచ్చామన్నమాట. ఇవాళ ఫోనులో సభ క్లిప్పు మీద మీమ్ చేసి పంపే ప్రతి కుర్రాడూ చేసేది ‘పెద్దల గలభా’ అనడమే.

తెర ఆగిపోయిన మధ్యాహ్నం

1989 డిసెంబరులో రాష్ట్రపతి ప్రసంగాన్ని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపించింది. 1994 చివర్లో పార్లమెంటు ప్రశ్నోత్తరాల సమయం తెర మీదికొచ్చింది. 2006లో లోక్‌సభకి సొంత ఛానలే వచ్చింది. మా తరం వాళ్ళకి శాసనసభ అంటే ప్రసారాల్లో చూసిన సభే. రాజశేఖరరెడ్డి, చంద్రబాబునాయుడు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటుంటే టీ కొట్ల దగ్గర నిలబడి చూసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

2014 ఫిబ్రవరి 18 కూడా గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో చర్చకి వచ్చిన మధ్యాహ్నం. ఆఫీసులో పని ఆపేసి అందరం ఒకే స్క్రీను ముందు మూగాం, అటువాళ్ళం, ఇటువాళ్ళం. బిల్లు నడుస్తుండగానే ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. మూజువాణీ ఓటుతో బిల్లు ఆమోదం పొందిందన్న వార్త తర్వాత వచ్చింది. సాంకేతిక లోపం వల్ల ప్రసారం ఆగిందని వివరణ ఇచ్చారు. ఆ రోజు మిఠాయి పంచుకున్నవాళ్ళూ, తిండి మానేసినవాళ్ళూ ఒక్క విషయంలో సమానం. తమ రాష్ట్రం తలరాత రాస్తుండగా చూసే అవకాశం ఇద్దరికీ దొరకలేదు. ఆ బిల్లు న్యాయమా అన్యాయమా అన్నది వేరే వ్యాసం. నాకు తగిలింది ఇది: కెమెరా సభది, స్విచ్ సభది. ఏ ఫ్రేములో ఎవరు కనపడాలో, ఎవరి మైకు ఎప్పుడు కట్ అవ్వాలో నిర్ణయించేది సభే. గ్యాలరీలో కూర్చున్నవాడికి కనీసం తల తిప్పుకునే స్వేచ్ఛ ఉండేది.

జాన్సన్‌ని గుర్తుపెట్టుకోమన్నాను కదా. తెర ఆగిన ఆ మధ్యాహ్నం కూడా అదే జరిగింది. లోపల ఏమైందో ఎవరికి తోచినట్టు వాళ్ళు కథలు అల్లుకున్నారు. రికార్డు లేనిచోట కల్పన మొలుస్తుంది.

వీడియో ఉంది, మరి కాగితం?

ఇప్పుడు సభలు యూట్యూబులో కనపడుతున్నాయి. కాగితం లేని సభ అని హిమాచల్ ప్రదేశ్ 2014లో మొదలుపెట్టిన పద్ధతిని, ‘నేవా’ అన్న పేరుతో రాష్ట్రాలన్నిటికీ విస్తరించే పని నడుస్తోంది. మంచిదే. కానీ ఎనిమిది గంటల వీడియో చూడటం వేరు, సభని అనుసరించడం వేరు. క్రికెట్ చూసేవాడికి స్కోరుకార్డు ఎందుకు కావాలో, దీనికి కాగితాలు అందుకు కావాలి. ఏ సభకైనా ఆ కాగితాలు దాదాపు ఇవే: ఆ రోజు కార్యక్రమాల జాబితా, ప్రశ్నల జాబితా, బులెటిన్, బిల్లు ప్రతి, బడ్జెట్ పద్దులు, కాగ్ నివేదికలు, కమిటీ నివేదికలు, అన్నిటికంటే ముఖ్యంగా చర్చల అధికారిక ప్రతి.

నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి నోటితో చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలుంటాయి. గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. గొడవలో సభ వాయిదా పడితే మొదటి రకం జవాబులు కూడా బల్ల మీద పెట్టినట్టు భావిస్తారు. అంటే టీవీలో ఏమీ జరగలేదనిపించిన రోజున కూడా కాగితం మీద మీ జిల్లా గురించి ఒక జవాబు ఉండొచ్చు.

కమిటీలు ఇంకో తలుపు. అర్జీల కమిటీ అని ఒకటి ఉంటుంది. మామూలు పౌరుడు రాసిన అర్జీ, ఒక సభ్యుడు తన సంతకంతో ప్రవేశపెడితే, సభ కాగితం అవుతుంది. ప్రభుత్వ హామీల కమిటీ అని మరొకటి. లోక్‌సభలో ఇది 1953 నుంచి ఉంది. మంత్రి సభలో వాడే ఏయే మాటలు హామీ కిందికి వస్తాయో జాబితా కూడా రాసిపెట్టుకున్నారు. "విషయం పరిశీలనలో ఉంది" అన్నది ఆ జాబితాలో ఉన్న మాట. మనం నవ్వుకునే ఆ సర్కారీ మాటని, నెరవేర్చారా లేదా అని వెంటపడి అడగాల్సిన మాటగా రాసుకున్నారన్నమాట.

వీటికి తోడు 2005 సమాచార హక్కు చట్టం. సభాహక్కులకి భంగం కలిగే సమాచారం ఇవ్వక్కర్లేదని అందులో ఒక మినహాయింపు ఉంది. దానికి కాస్త దిగువన, వ్యక్తిగత సమాచారం గురించిన క్లాజు చివర ఒక గొప్ప వాక్యం ఉండేది. పార్లమెంటుకి గానీ, రాష్ట్ర శాసనసభకి గానీ కాదనలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ కాదనకూడదు అని. గ్యాలరీలో చప్పుడు చేయకుండా కూర్చున్న మనిషిని లేపి సభ్యుడి పక్కన కూర్చోబెట్టిన వాక్యమది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ క్లాజుని తిరగరాసింది. అందులో ఈ వాక్యం లేదు. దీని మీద ఏ సభలోనూ పెద్దల గలభా జరిగినట్టు లేదు.

ఇక మావాళ్ళు చేయగల పని. బ్రిటన్‌లో 2004లో కొందరు వలంటీర్లు హాన్సార్డ్‌ని ప్రోగ్రాములతో చదివించి ‘దే వర్క్ ఫర్ యూ’ అనే సైట్ పెట్టారు. మీ ప్రతినిధి పేరు కొడితే ఏ విషయం మీద ఏం మాట్లాడాడో, ఎటు ఓటేశాడో వరసగా వస్తుంది. మన పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో 1854 నుంచి చర్చలున్నాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు వేరే. పాత సంపుటాలు బొమ్మలుగా స్కాన్ చేసి ఉంటాయి, అక్షరాలుగా వెతకలేం. తర్వాతి కాలపు తెలుగు డీటీపీ ఫైళ్ళలో చాలావాటికి యూనికోడ్ కాని ఫాంట్లు వాడారు. కాపీ చేసి అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు రాలతాయి. కళ్ళకి తెలుగే, కంప్యూటరుకి కాదు. దీన్ని బాగుచేయడం రాకెట్ సైన్సేమీ కాదు. అక్షరాలు గుర్తించే పరికరాలున్నాయి, ఫాంటు మార్చే ప్రోగ్రాములున్నాయి, ఓపిక ఉన్న కుర్రాళ్ళున్నారు. కావలసిందల్లా ఇది పని అని ఎవరైనా అనుకోవడం.

కార్డు, సంపుటం

దొరికింది. వెతకడం మానేసి పేజీలు తిప్పడం మొదలుపెట్టాక దొరికింది. మా ఊరి పేరు ఇంగ్లీషులో నేను ఊహించని అక్షరాలతో ఉంది, అందుకే ఏ వెతుకులాటకీ చిక్కదు. ప్రశ్న వేసింది మా ఎమ్మెల్యేగారే, ఆ మాట నిజమే. ఫలానా ఊరి దగ్గర వాగు మీద చప్టా కట్టే ప్రతిపాదన ఏదైనా ఉందా, ఉంటే ఎప్పుడు మొదలుపెడతారు? అని రెండు భాగాలు.

మంత్రిగారి జవాబు కూడా రెండు భాగాలు. ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన ఏదీ లేదు. రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు.

అనుబంధ ప్రశ్న లేదు. కిందే వేరే జిల్లా, వేరే ప్రశ్న.

ఆ పేజీ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఎమ్మెల్యేగారి మీద నాకు కోపం రాలేదు. కాలినడకన వచ్చి అర్జీ ఇచ్చిన మనిషికి "లేదు" అని రాయడానికి ఆయనకి చేతులు రాలేదేమో. కానీ ఆ ఒక్క మాట మార్చడం వల్ల తాతయ్య ఏళ్ళ తరబడి ఊరివాళ్ళని ఊరుకోబెట్టాడు. "లేదు" అని తెలిసి ఉంటే ఇంకో అర్జీ రాసేవాడు, ఇంకోణ్ణి పట్టుకునేవాడు, ఎన్నికలప్పుడు నిలబెట్టి అడిగేవాడు. ఆ సంపుటం అచ్చయింది, ఎక్కడో బీరువాలో ఉంది, ఎవరూ దాచలేదు. తాతయ్యకి అందేంత దూరంలో మాత్రం లేదు. ఆయనకి అందింది పోస్టుకార్డే.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"లేదన్నారా?" అన్నారు చివరికి.

"లేదన్నారు నాన్నా. రికార్డులో ఉంది."

"ఆ కాగితం ఒకటి ప్రింటు తీసి పంపరా. కార్డు పక్కన పెడదాం."

పంపాను. ఆ తర్వాత నాకు కుతూహలం కలిగి మా ఊరున్న నియోజకవర్గం గురించి ఈమధ్య సమావేశాల్లో వచ్చిన ప్రశ్నలు వెతకడం మొదలుపెట్టాను. ఊరి పేరు ఎన్ని రకాలుగా రాస్తారో ఒక పట్టిక చేసుకున్నాను. ఇప్పటికి ఏడు రకాలు తేలాయి. మీ ఊరికీ ఒక పట్టిక చేసి చూడండి. మీ గురించి సభలో ఎవరు ఏమన్నారో మీకు పోస్టుకార్డులో వచ్చిన మాటా, అచ్చులో ఉన్న మాటా ఒకటేనో కాదో, చూసేదాకా చెప్పలేం.